పదమూడో పేరు

జ్ఞానవతికి కోపం రాదని కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ గట్టి నమ్మకం. ఏ పని చెప్పినా "ఆయ్, అలాగేనండి" అంటుంది. చెప్పిన వేళకి చేసి పెడుతుంది. స్టీలు డబ్బాలు తీసుకెళ్ళి ఆర్నెల్లు తిరిగివ్వకపోయినా అడగదు. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? ఆ నమ్మకం 2023 మే నెలలో, ఒక గురువారం మధ్యాహ్నం, చర్చి కింద ఉన్న వంటగదిలో, సాంబారుకి పోపు పెడుతుండగా పగిలింది.

పగలగొట్టింది ఒక ఈమెయిల్. టాంజానియాలో అరూషా అనే ఊరి నుంచి వచ్చింది. అక్కడ సఫారీ యాత్రలు నడిపే చిన్న కంపెనీలో నీమా అనే ఆవిడ పనిచేస్తుంది. ఏడు నెలలుగా జ్ఞానవతికీ ఆవిడకీ ఉత్తరాలు నడుస్తున్నాయి. జ్ఞానవతి చెబితే ఇంగ్లీషులో టైపు చేసేది రిషిత. జగిత్యాల పిల్ల, అకౌంటింగ్ చదవడానికి వచ్చి జ్ఞానవతి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటోంది.

"ఆంటీ, నీమా మెయిల్ పంపింది. చూసిన్రా?" అంది రిషిత, ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి.

చేతులు ఖాళీ లేవు, నువ్వే చదువమ్మా అంది జ్ఞానవతి. రిషిత మొదటి రెండు వాక్యాలు గబగబా చదివి, మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా తెలుగులో చెప్పింది. ఏడు నెలలుగా మీతో మాట్లాడుతున్నాను, మీరు అతిథి అనే అనుకున్నాను అని రాసింది నీమా. విశ్వేశ్వరరావు గారు నిన్న చివరి జాబితా పంపారు, అందులో పన్నెండుగురు అతిథుల పేర్ల కింద మీ పేరు వంటమనిషి అని ఉంది. వంటమనిషికి జీపులో సీటుండదు, సామాన్ల లారీలో రోడ్డు మీద రెండు రోజులు రావాలి. పైగా వేరే దేశపు మనిషి మా పార్కులో పని చేయాలంటే వర్క్ పర్మిట్ కావాలి. కాబట్టి దయచేసి చెప్పండి, మీరు అతిథా, సిబ్బందా?

పోపు మాడింది. ఆవాలు నల్లగా బొగ్గయ్యాయి, మిరపకాయల ఘాటుకి ఇద్దరూ దగ్గారు. ఆ వంటగదిలో జ్ఞానవతి పోపు మాడ్చడం అదే మొదటిసారి.

ఈ జ్ఞానవతి ఎవరో కాస్త చెప్పాలి. నరసాపురం దగ్గర పల్లెటూరు. భర్త సువార్తరాజు వెల్డరు. 2008లో ఉత్తరాన చమురు గనుల్లో పని దొరికితే భార్యనీ, కొడుకునీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఎనిమిదేళ్ళు మంచులో ఇనుము అతికించి, ఒక నవంబరులో గుండె ఆగి పోయాడు. కొడుకు ఆరన్ ఇప్పుడు విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఉన్నాడు. జ్ఞానవతి పొద్దున్న ఐదింటికి లేచి ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పనికి వెళ్తుంది. మధ్యాహ్నం రెండుకి అక్కడ డ్యూటీ దిగి, తిన్నగా చర్చి వంటగదికి వస్తుంది. అక్కడ స్టూడెంట్లకి భోజనం బాక్సులు కడుతుంది. నాలుగు బాక్సులతో మొదలుపెట్టింది. ఈ రెండేళ్ళలో ఎడ్మంటన్‌లో ఏ బస్సెక్కినా తెలుగే వినపడేది, ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు పిల్లలు, మూడు పూటలా నూడుల్స్. వాళ్ళని చూసి కడుపు తరుక్కుపోయి ఒక్కో బాక్సూ పెంచుకుంటూ పోతే, ఇప్పుడు నలభై రెండు. చర్చి వంటగదికి పర్మిట్ ఉంది, ఆ కాగితం గోడ మీద అంటించి ఉంది, ఆవిడ పేరుతో సహా. కాగితం లేని పని ఆవిడ చెయ్యదు.

ఆ కాగితం పక్కనే అలమరలో ఒక పాత టాబ్లెట్ ఉంటుంది. ఆరన్ పెట్టి వెళ్ళాడు. దానిలో ఆవిడ సినిమాలు చూడదు, సీరియల్స్ చూడదు. ఆఫ్రికాలో ఎక్కడో ఒక నీటి గుంట దగ్గర కెమెరా పెట్టి రాత్రింబగళ్ళు ప్రసారం చేస్తుంటారు, అది చూస్తుంది. ఇక్కడ రాత్రి గిన్నెలు కడుక్కునే వేళకి అక్కడ తెల్లవారుతుంది. ఏనుగులు పిల్లల్ని మధ్యలో పెట్టుకుని నీళ్ళకి వస్తాయి. జిరాఫీ ముందుకాళ్ళు బారగా చాపి, అవస్థపడి వంగి తాగుతుంది. ఒకసారి ఆ టాబ్లెట్‌లోనే ఇంకో వీడియో చూసింది. ఆవుకీ గుర్రానికీ మధ్యరకంలా ఉండే విల్డెబీస్ట్‌లు వేలకొద్దీ వచ్చి నది ఒడ్డున నిలబడ్డాయి. దిగడానికి వస్తాయి, మొసళ్ళని చూసి వెనక్కి పోతాయి, మళ్ళీ వస్తాయి. మూడు గంటలు అదే వరస. అప్పుడు ఒక్కటి దూకింది. దాని వెనకాల అన్నీ దూకాయి. జ్ఞానవతి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

అది కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక. ఎందుకని అడిగితే చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా వంటగది గోడలు చూసిన మనిషికి, ఒక్కసారి అంత ఖాళీ నేల చూడాలనిపించడంలో తప్పేముంది? ఆరేళ్ళు కూడబెట్టుకుంది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, ఆపరేషన్ లైన్లో పేరుంది, ఇంకో ఏడాది పోతే జీపు ఎక్కలేనేమో అన్న భయం ఉంది. కాబట్టి ఈ ఆగస్టు తప్పితే ఇంకెప్పుడూ కాదు.

ఒంటరిగా వెళ్దామనే అనుకుంది. చేసిన పొరపాటల్లా, కిందటి అక్టోబరులో ఒక భోజనాల దగ్గర ఆ మాట నోరు జారడం. విశ్వేశ్వరరావు అక్కడే ఉన్నాడు. గ్యాస్ కంపెనీలో పెద్ద ఇంజనీరు. ఎడ్మంటన్ తెలుగువాళ్ళ పిక్నిక్ అయినా, దీపావళి అయినా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. అబ్బ ఎంత మంచి ఐడియా అండీ, మనందరం గ్రూపుగా వెళ్దాం, మీరు వివరాలు చూడండి, మేం వెనకాల ఉంటాం అన్నాడు. ఆయన వెనకాలే ఉన్నాడు, నిజం. ముందు నడిచింది మాత్రం జ్ఞానవతి.

సెరెంగెటీ పార్కులో ఏ మూలకి వెళ్ళాలో ఆవిడే వెతికింది. మంద ఒక్కో నెలలో ఒక్కో చోట ఉంటుంది, ఆగస్టులో నది దాటడం చూడాలంటే ఉత్తరం కొసకి పోవాలి, అక్కడి క్యాంపులు ఏడాది ముందే నిండిపోతాయి. నీమా కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని రెండు జీపులు, ఆరు గుడారాలు అట్టేపెట్టించింది. జీపుకి ఆరు సీట్లు, ప్రతి సీటుకీ కిటికీ. ఏ దారిన విమానం మారితే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడుగుతారో, ఏ దారిన అడగరో కనుక్కుంది. మలేరియా మాత్రలు ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలో అందరికీ రాసి పంపింది. పార్కులోకి తీసుకెళ్ళే చిన్న విమానంలో మనిషికి పదిహేను కిలోలే, అదీ మెత్తటి సంచిలోనే, చక్రాల సూట్‌కేసులు ఎక్కించరు అని ఐదుసార్లు మెసేజ్ పెట్టింది. నీలం, నలుపు బట్టలు వద్దు, ఆ రంగులకి అక్కడ కుట్టే ఈగలు మూగుతాయి అని మూడుసార్లు పెట్టింది. ప్రతి మెసేజ్‌కీ కింద వరసగా దండాల బొమ్మలు వచ్చేవి. చదివినవాడు ఒక్కడుంటే ఒట్టు.

ఇక పేర్ల సంగతి. ఇదే అసలు సంగతి. నవంబరులో జ్ఞానవతి జాబితా రాసినప్పుడు విశ్వేశ్వరరావు, ఆయన భార్య సూర్యకుమారితో మొదలుపెట్టి ఐదు జంటలు రాసింది. సూర్యకుమారి తల్లి ఈశ్వరమ్మ గారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడ పేరు రాసింది. పదకొండు. పన్నెండో సీటు తనది. రిషిత టైపు చేస్తూ, మీ పేరు కూడా కొట్టనా ఆంటీ అని అడిగింది. నాదేముందమ్మా, ముందు అందరివీ ఖాయం కానివ్వు, నాది చివర్లో చూద్దాం అంది జ్ఞానవతి. మన ఇళ్ళల్లో పంక్తి వేసేటప్పుడు విస్తళ్ళు లెక్కపెట్టే ఆడమనిషి తన విస్తరి లెక్కపెట్టుకోదు కదా. అందరూ తిన్నాక కుండలో ఏదుంటే అది. ఆ అలవాటు సముద్రాలు దాటి వచ్చినా పోలేదు. అలా ఆ జాబితా పదకొండు పేర్లతోనే నీమాకి వెళ్ళింది.

ఖాళీ ఉన్న చోటికి గాలి రాక మానుతుందా? మార్చిలో సూర్యకుమారి తమ్ముడు యోగానంద్ నేనూ వస్తానన్నాడు. బర్నబీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి మోచెయ్యంత లెన్సున్న కెమెరా. విశ్వేశ్వరరావు జాబితా చూశాడు, పదకొండు పేర్లు కనిపించాయి, పన్నెండోదిగా బావమరిదిని రాశాడు. మరి జ్ఞానవతి గారో అని ఆ ఇంట్లో ఎవరికైనా అనిపించిందా? అనిపించింది. అక్కడే ఉంది దుర్మార్గం. అనిపించకపోతే మరిచిపోయారనుకుని క్షమించేద్దుము. వాళ్ళకి గుర్తుంది, గుర్తుండే ఆవిడకి లారీలో చోటు చూశారు.

విశ్వేశ్వరరావు రాసిన ఉత్తరం కూడా నీమా కింద జతచేసింది. రిషిత అదీ చదివింది. మా వెంట మా వంటావిడ వస్తుంది, క్యాంపులో రెండు స్టవ్‌లు కావాలి, బియ్యం, కందిపప్పు, పచ్చళ్ళు విమానంలో బరువెక్కువ గనక ఆవిడతో పాటు లారీలో పంపుతాం, జంతువుల్ని చూసే తిరుగుళ్ళకి ఆవిడ రానక్కర్లేదు. ఇదీ దాని సారాంశం. నీమా మొదటి ఉత్తరంలోనే చెప్పింది, మా క్యాంపు వంటవాళ్ళు రోజూ చపాతీ, పప్పు చేస్తారని. అది కూడా ఎవరూ చదవలేదు.

ఇదే మనుషులు అక్కడ సొంత ఊళ్ళో అయితే ఎవరి చేతి వంట తింటారో, ఎవరి చేతి నీళ్ళు ముట్టరో జ్ఞానవతికి బాగా తెలుసు. ఎడ్మంటన్‌లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే జ్ఞానవతి గోంగూర మాంసం పోతుంది కదా మరి. ఇన్నేళ్ళూ ఆవిడ దాన్ని గౌరవం అనుకుంది. అది తన మీద గౌరవం కాదనీ, తన గరిటె మీద మాత్రమేననీ ఆ గురువారం అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

బాక్సులు కట్టేసి, చేతులు తుడుచుకుని విశ్వేశ్వరరావుకి ఫోన్ చేసింది. ఆయన గొంతులో తడబాటు లేదు. అయ్యో అదేం లేదండీ, వాళ్ళకి అర్థమయ్యేలా ఏదో ఒకటి రాయాలి కదా అన్నాడు. సీట్లు పన్నెండే ఉన్నాయి, మీ పేరు మీరే రాయలేదు, నేను చూసి కూడా మిమ్మల్ని వదిలేయకుండా దారి వెతికాను అన్నాడు. మీ ఖర్చులో సగం మేమే వేసుకుంటాం, మీకు క్యాంపులో చల్లగా ఉంటుంది, మాకు నోటికి రుచిగా ఉంటుంది అన్నాడు. వర్క్ పర్మిట్ సంగతి అడిగితే నవ్వాడు. విజిటర్ అనే రాయించండి, వంట చేస్తుందని ఎవరికి తెలుస్తుంది, ఎవరడుగుతారు అన్నాడు. చివర్లో, శనివారం మా ఇంట్లో ఆఖరి మీటింగు, అందరూ వస్తున్నారు, సింపుల్‌గా పులిహోర, గుత్తివంకాయ, పెరుగన్నం పట్టుకొచ్చేయండి చాలు అన్నాడు.

"ఆయ్," అంది జ్ఞానవతి.

ఫోను పెట్టేశాక ఆ మాట అన్నది తానేనని తెలిసింది. ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండేది. విశ్వేశ్వరరావు మీద ఎంత కోపం వచ్చిందో, తన నాలుక మీద అంతకు రెట్టింపు వచ్చింది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అంటారు. ఇక్కడ ఇంకా ఎవరూ ఏరు చూడనైనా లేదు, అప్పుడే బోడిమల్లయ్యని చేసేశారు, దానికి తను తలూపింది. మాడిన పోపు గిన్నెని పీచుతో అరగంటసేపు తోమింది. దాని అడుగు వెండిలా మెరిసినా ఆపలేదు.

రిషిత పక్కన నిలబడి చూసింది. ఆ పిల్ల మామూలుగా ఎక్కువ మాట్లాడదు.

"ఆంటీ, జనవరిల నేను రెస్టారెంట్ల పనికి పోయినప్పుడు మీరు ఏమన్నరో యాదికుందా?"

ఎందుకు లేదు? ఊళ్ళో ఒక హోటల్ యజమాని, ట్రైనింగ్ అని చెప్పి ఈ పిల్లతో మూడు వారాలు గిన్నెలు కడిగించుకున్నాడు. మనవాడే. కాగితం లేదు, జీతం లేదు, అడిగితే నువ్వు మా చెల్లెలు లాంటిదానివి అనేవాడు. జ్ఞానవతి ఆ సంగతి విన్న రోజు మైనస్ ముప్పై చలిలో కారు కదలకపోతే బస్సెక్కి ఆ హోటల్‌కి వెళ్ళింది. కౌంటరు ముందు నిలబడింది, తినడానికి వచ్చిన జనం అందరూ చూస్తుండగా రిషిత పని చేసిన రోజులన్నీ తారీకులతో సహా గట్టిగా చదివింది. ఆయన లేచి లోపలికెళ్ళి డబ్బు తెచ్చి ఇచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రిషితకి చివాట్లు పెట్టింది. మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఉంది, పెళ్ళి కాని పిల్లవి, నీకు పూర్తిగా చెప్పను అంది.

"వావి కలిపి పని చెప్పేటోన్ని నమ్మొద్దన్నరు," అంది రిషిత. "ఊరందరి కోసం కొట్లాడుతరు. మీకోసం ఎందుకు కొట్లాడరు?"

జ్ఞానవతి పీచు కింద పడేసింది. నోరు ముయ్యమని కసిరింది, వెళ్ళి చదువుకోమంది. ఆ పిల్ల కదల్లేదు. పడేసిన పీచు తీసి పక్కన పెట్టి జ్ఞానవతే, నీమాకి ఉత్తరం రాయాలి, కూర్చో అంది.

శనివారం వచ్చింది. స్టూడెంట్ల బాక్సులు నలభై రెండూ ఎప్పటిలాగే వెళ్ళాయి. తర్వాత జ్ఞానవతి ఇంటికెళ్ళి స్నానం చేసి, చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని, ఒక ఫైలు చేత్తో పట్టుకుని విశ్వేశ్వరరావు ఇంటికి వెళ్ళింది.

బేస్‌మెంట్‌లో పెద్ద టీవీ ముందు, బర్నబీ నుంచి వచ్చిన యోగానంద్‌తో సహా పన్నెండుగురూ ఉన్నారు. బల్ల మీద పేపరు పళ్ళేలు, చెంచాలు సర్ది ఉన్నాయి. మెట్లు దిగుతున్న మనిషి మొహం ఎవరూ చూడలేదు, అందరి చూపూ చేతుల మీదే ఉంది. డబ్బాలు కార్లో ఉండిపోయాయా ఆంటీ, తెమ్మని ఎవరినైనా పంపనా అంది సూర్యకుమారి. తేలేదమ్మా అంది జ్ఞానవతి. సూర్యకుమారికి అది అర్థం కావడానికి కాసేపు పట్టింది. పోనీలే ఏదైనా తెప్పిద్దాం అని సర్దుకుని, ముందు సర్‌ప్రైజ్ అంటూ ఒక అట్టపెట్టె తెరిచింది.

టీషర్టులు అచ్చేయించింది. గుంపంతటికీ ఒకేరకం, గుండెల మీద సింహం బొమ్మ. రంగు ముదురు నీలం. మూడుసార్లు వద్దన్న రంగే. ఒక్కొక్కరి పేరూ పిలిచి పంచింది. పన్నెండు అయ్యాక, ఆంటీకి స్పెషల్ అని అడుగు నుంచి ఇంకోటి తీసి విప్పి చూపించింది. ఏప్రాన్. అదే నీలం, అదే సింహం, దాని కింద ఇంగ్లీషులో 'షెఫ్ జ్ఞానా' అని పెద్ద అక్షరాలు. అందరూ చప్పట్లు కొట్టారు. పేరు అచ్చేయించింది మీ ఒక్కరికే ఆంటీ అంది సూర్యకుమారి, మురిసిపోతూ. ఆ అమ్మాయి మనసులో నిజంగానే వెటకారం లేదు. జ్ఞానవతికి ఒళ్ళు మండింది అందుకే. వెటకారమైతే తిరిగి ఒక మాట అనొచ్చు. ప్రేమగా మెడకి తాడేస్తే ఏమంటారు?

ఏప్రాన్ అందుకుంది. నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పేపరు పళ్ళేల పక్కన పెట్టింది.

"ఏడు నెలలు ఈ ప్రయాణం నేను కట్టానండి," అంది విశ్వేశ్వరరావు వైపు తిరిగి. గొంతు పెద్దది చెయ్యలేదు. "మంద ఎప్పుడు నది దాటుతుందో నేను వెతికాను. మీ మాత్రలు, మీ వీసాలు, మీ సంచుల బరువులు నేను చూశాను. నన్ను బియ్యం బస్తాలతో లారీలో ఎక్కించి, మీరు నది చూసొచ్చేలోపు పప్పు ఉడకబెట్టమని ఎలా రాయగలిగారండి?"

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పడ్డాయి. ఆ గదిలో జ్ఞానవతి రెండు వాక్యాలకి మించి మాట్లాడటం ఎవరూ వినలేదు. విశ్వేశ్వరరావు నవ్వు మొహానే, అంత మాటెందుకండీ, మీరు మా ఇంటి మనిషి లాంటివారు, ఇంటి మనిషి కాబట్టే చనువు తీసుకున్నాను అన్నాడు.

"ఇంటి మనిషినైతే ఇంటివాళ్ళ వరసలో పేరుండాలి కదండి."

యోగానంద్ పాపం కెమెరా సంచి పక్కకి జరుపుకున్నాడు. నాకు తెలీదాంటీ, సీటు ఖాళీగా ఉందని బావ చెప్పాడు అన్నాడు. అబద్ధం కాదని వాడి మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఖాళీగానే ఉంది బాబూ," అంది జ్ఞానవతి. "నా పేరు నేను రాసుకోలేదు. ఆ తప్పు నాది. అది చూసి కూడా రాయకపోవడం మీ బావగారిది."

అప్పుడు మూలన సోఫాలో ఉన్న ఈశ్వరమ్మ గారు కదిలారు. డెబ్భై రెండేళ్ళ మనిషి. నా సీటు తీసుకో అమ్మాయ్, ఆ గతుకుల్లో నా నడుము నిలవదు, నేను గుడారంలో కూర్చుంటాను అన్నారు. విశ్వేశ్వరరావు ఆ మాటని కింద పడనివ్వలేదు. అదిగో, సమస్య తీరిపోయింది అన్నాడు. అత్తయ్యగారూ మీరూ రోజు మార్చి రోజు వెళ్దురు గాని, పొద్దున్నే వంట అయిపోతే మీరు వెళ్ళే రోజు కూడా ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నాడు. ఎవరో అవునవును అన్నారు. ఇంకెవరో పీజా ఆర్డర్ చేస్తున్నారు.

సిగ్గు లేదు, చూడండి. గుండెల్లో దాచుకున్న మనిషి కోరికని ముక్కలు చేసి, అందులో ఒక ముక్క తిరిగిచ్చి, దానికీ వంట ఖరీదు కట్టాడు.

జ్ఞానవతి ఈశ్వరమ్మ గారి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. మీ సీటు మీదేనండి పిన్నిగారూ, నా సీటు తీసుకున్నది మీరు కాదు అంది. తర్వాత ఫైలు తెచ్చి విశ్వేశ్వరరావు ముందు పెట్టింది. టిక్కెట్లు, వీసా కాగితాలు, మాత్రల వివరాలు, నీమా నంబరు, అన్నీ ఇందులో ఉన్నాయంది. ఇకనించి ఉత్తరాలు మీరే రాసుకోవాలంది. మీకు స్టవ్‌లు అక్కర్లేదని, క్యాంపు వంటే తింటారని మొన్ననే నీమాకి చెప్పేశానంది. ఆ టీషర్టులు మాత్రం అక్కడ వేసుకోవద్దంది, ఈగలు కుడతాయి అని నాలుగోసారి చెప్పింది.

మరి మీరు రావడం లేదా అన్నాడు విశ్వేశ్వరరావు. మొహంలో నవ్వు పోయింది.

"వస్తున్నానండి. మీతో కాదు."

మెట్లెక్కుతుంటే మోకాళ్ళు కలుక్కుమన్నాయి. కార్లో కూర్చున్నాక కోపం ఇంకా పెరిగింది. ఇంత మాట పడ్డానా అని కాదు. పదిహేనేళ్ళూ ఎందుకు అనలేదా అని. మధ్యలో ఒక పార్కింగ్ స్థలంలో కారాపుకుని, ఎవరూ లేని చోట, తనకి తెలిసిన నరసాపురం తిట్లన్నీ వరసబెట్టి తిట్టుకుంది. చర్చికి వెళ్ళే మనిషి కదా, అవి ఇక్కడ రాయడం బాగుండదు.

నీమా జవాబు ఆదివారం ఆరాధన అయ్యేసరికి వచ్చి ఉంది. అదే వారం, అదే నది, వేరే జీపు. ముగ్గురు స్కూలు టీచర్లు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఎవరికెవరూ తెలియరు. వెనక వరసలో కిటికీ పక్కన ఒక్క సీటు ఉంది, మీ పేరు రాయమంటారా అని అడిగింది. రాయమంది జ్ఞానవతి. ఆ రెండు వారాలూ బాక్సులు మేం కట్టుకుంటామని పిల్లలు వంతులు వేసుకున్నారు. సాంబారులో ఉప్పు ఎంతో ఆవిడ గోడ మీద రాసి పెట్టింది.

ఆ రాత్రి ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర వీసా ఫారం తెరిచారు. పక్కన టాబ్లెట్‌లో నీటి గుంట దగ్గర తెల్లవారుతోంది. పేరు రాసే చోట రిషితని టైపు చెయ్యనివ్వలేదు. జ్ఞానవతే ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది, పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా. తర్వాత రిషిత అందుకుని గబగబా నింపుతూ, ఉద్యోగం అన్న గడి దగ్గర ఆగింది.

"ఆంటీ, కిచెన్ సూపర్‌వైజర్ అని కొట్టన్నా? కుక్ అంటే పనికొస్తున్నరని వాళ్ళకు డౌట్ రావొచ్చు."

జ్ఞానవతి కళ్ళజోడు పైకి తోసుకుని స్క్రీను వైపు వంగింది. కోపం ఇంకా పోలేదు, పోదు కూడా.

"ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. దాచుకోడానికి నేనేం దొంగతనం చెయ్యలేదు. వంటమనిషి అనే రాయి. దాని కింద, ఎందుకొస్తున్నావని అడుగుతున్నాడు చూడు. అక్కడ రాయి, చూడ్డానికి అని."